చెట్ల నీడలో చిట్టి పిట్టలు: ఏ లెన్స్, ఏ బాడీ, ఏ పద్ధతి?

పక్షుల ఫొటోల మీద మోజు పడ్డవాళ్లు మొదట అడిగేది, "ఎన్ని ఎం.ఎం. కొనాలి?" అని. చెరువు గట్టున కొంగలకూ బాతులకూ ఆ ప్రశ్న చాలు. అక్కడ ఎండకి కొదవ లేదు, పిట్ట పెద్దది, కదిలినా తీరిగ్గా కదులుతుంది. అనంతగిరి గుట్టల్లోనో, నల్లమలలోనో, మారేడుమిల్లిలోనో చెట్ల కింద పది పన్నెండు సెంటీమీటర్ల ఫ్లైక్యాచర్‌నో వైట్‌ఐనో తీయాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ కరువు జూమ్‌కి కాదు, వెలుతురుకి. అది ఎంత కరువో ముందు అంకెల్లో చూస్తే, ఆ తర్వాత ఏది కొనాలో తేల్చుకోవడం సులువు.

పొద్దున నేరుగా ఎండ పడుతున్న కొమ్మ మీద పిట్ట కూర్చుందనుకోండి. లెన్స్ ఎఫ్/6.3 (ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది), ఐఎస్ఓ, అంటే వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి, 400 పెడితే షట్టర్ సుమారు 1/2500 సెకను వస్తుంది. ఇక చింతే లేదు. అదే పిట్ట దట్టమైన నీడలోకి దిగితే వెలుతురు ఆరు స్టాప్‌ల దాకా పడిపోతుంది. ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది కాబట్టి ఆరు స్టాప్‌లంటే అరవై నాలుగో వంతు. అవే సెట్టింగ్‌లతో షట్టర్ 1/40కి దిగుతుంది. గెంతుతున్న పిట్టకి 1/1000 అయినా కావాలి. దానికి ఐఎస్ఓ 10000 దాకా ఎక్కాలి. అదే చోట, అదే 1/1000కి ఎఫ్/4 లెన్స్ ఉంటే ఐఎస్ఓ 4000 సరిపోతుంది. ఎఫ్/8 అయితే 16000. ఎఫ్/11 అయితే 32000. చెరువు దగ్గర అద్భుతంగా తీసిన లెన్సే అడవిలో చప్పబడిపోవడానికి కారణం ఇదే.

లెన్స్ నోరు ఎంత వెడల్పు?

అలాగని ఎఫ్ నంబర్ ఒక్కటే చూసినా తప్పుదారి పడతాం. చిన్న పిట్ట ఫ్రేమ్ నిండా రావడం అరుదు, ఎలాగూ క్రాప్ చేస్తాం. క్రాప్ చేసి పిట్టని ఒకే సైజుకి తెచ్చాక రెండు ఫొటోలని పక్కపక్కన పెడితే, ఏది ఎక్కువ గ్రెయిన్‌గా (రవ్వరవ్వగా) కనిపిస్తుందన్నది పిట్ట మీంచి వచ్చే వెలుతురులో ఏ లెన్స్ ఎంత పట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది. వానలో పెట్టిన గిన్నెకి నోరు ఎంత వెడల్పో అన్ని నీళ్లు. లెన్స్‌కి ఆ వెడల్పు ఎంతో తెలుసుకోవాలంటే ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ పేరులో ఉండే ఎం.ఎం. అంకెని) ఎఫ్ నంబర్‌తో భాగించాలి, అంతే.

400 ఎం.ఎం. ఎఫ్/8 అంటే 50 మిల్లీమీటర్లు. 600 ఎఫ్/11 అంటే 55. పాత కానన్ 400 ఎఫ్/5.6కి 71, 800 ఎఫ్/11కి 73, 300 ఎఫ్/4కి 75. నికాన్ 200-500 ఎఫ్/5.6ని చివరిదాకా లాగితే 89. కానన్ 200-800 చివర్లో 800 ఎఫ్/9, అదీ 89. నికాన్ 180-600, సోనీ 200-600 రెండూ చివర్లో 600 ఎఫ్/6.3 కాబట్టి 95. పది లక్షలు దాటే 600 ఎఫ్/4లకి 150. గుండ్రటి నోరు కాబట్టి వెలుతురు వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 50 మిల్లీమీటర్ల దానికంటే 95 మిల్లీమీటర్లది మూడున్నర రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది.

ఈ లెక్కతో చూస్తే కొన్ని భయాలు పోతాయి. "ఎఫ్/9 లెన్స్ అడవిలో పనికొస్తుందా?" అని కానన్ 200-800 గురించి చాలామంది అనుమానపడతారు. ఐఎస్ఓ అంకె పెద్దగా కనిపిస్తుంది నిజమే, కానీ పిట్ట కూడా పెద్దగా పడుతుంది. 600 ఎఫ్/6.3 ఫొటోని అదే సైజుకి క్రాప్ చేసి పక్కన పెడితే గ్రెయిన్‌లో తేడా పట్టుకోవడం కష్టం. 95కి 89కి ఉన్నది ఆ కాస్త తేడానే.

ఇంకో సంగతి కూడా ఇందులోంచే బయటపడుతుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పిట్టకి మనకి మధ్య దూరం సగమైతే, లెన్స్ పట్టే పిట్ట వెలుతురు నాలుగు రెట్లవుతుంది. అంటే ఐదు మీటర్ల నుంచి తీసిన 400 ఎఫ్/8 ఫొటో, పది మీటర్ల నుంచి తీసిన 600 ఎఫ్/6.3 ఫొటోకి వెలుతురులో సమానం. మొదటిది లక్ష లోపు లెన్స్, 635 గ్రాములు. రెండోది రెండు లక్షల అటూఇటూ, రెండు కిలోలు. ఐదు మీటర్లు దగ్గరికి చేరడం ఎలాగో తెలిసినవాడికి లక్ష రూపాయలు మిగులుతాయి. దానికి ఓపిక కావాలనుకోండి, అది అమ్మకానికి దొరకదు.

లెన్స్‌ల దగ్గరికి వస్తే

అడవిలో నడిచేవాళ్లకి, పుస్తెలమ్మి లెన్స్ కొనే ఉద్దేశం లేనివాళ్లకి కానన్ ఆర్‌ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8. ఆర్10 బాడీకి తగిలిస్తే రెండూ కలిపి కిలో చిల్లరే. మెడకి వేసుకుని పొద్దంతా తిరగొచ్చు. తలెత్తి చూస్తూ కొమ్మ కొమ్మకీ లెన్స్ తిప్పే వార్బ్లర్‌ల వేటలో ఈ తేలికదనం చాలా పెద్ద సుగుణం. రెండు కిలోల లెన్స్‌ని తలపైకి ఎత్తి అర నిమిషం పట్టుకుంటే చేతులు వణుకుతాయి, సరిగ్గా అప్పుడే పిట్ట బయటికి వస్తుంది. దీనికి మీటరు చుట్టుపక్కల ఉన్నదాని మీద కూడా ఫోకస్ పడుతుంది కాబట్టి సీతాకోకచిలుకలు బోనస్. లోపం తెలిసిందే: నోరు చిన్నది. దట్టమైన నీడలో పదిహేను మీటర్ల దూరం నుంచి దీనితో ఏం తీసినా అది గుర్తుపట్టడానికి పనికొచ్చే ఫొటోనే అవుతుంది.

కూర్చుని తీసేవాళ్లకి, దారి మీద ఆగి ఆగి వెళ్లేవాళ్లకి 600 దాకా వెళ్లే జూమ్. నికాన్ వాళ్లకి 2023లో వచ్చిన 180-600, సోనీ వాళ్లకి 2019 నుంచి ఉన్న 200-600. రెండిటికీ జూమ్ చేసినా పొడవు మారదు, లోపలే జరుగుతుంది. ఇది చిన్న విషయంలా వినిపిస్తుంది కానీ మోనోపాడ్ మీద పెట్టాక బ్యాలెన్స్ చెడదు, జూమ్ రింగ్ రెండు వేళ్లతో తిరుగుతుంది. కొత్తగా పక్షులు తీసేవాళ్లు పిట్టని ఫైండర్‌లో వెతుక్కోవడానికే సగం సమయం పోగొట్టుకుంటారు. వెనక్కి జూమ్ చేసి పట్టుకుని, ముందుకి లాగి తీయడం వీటితో క్షణంలో పని. కానన్ 200-800 జూమ్ చేస్తే ముందుకి సాగుతుంది, ముందు బరువు పెరుగుతుంది. అయినా కానన్ వాడేవాళ్లకి ఈ ధరలో ఇంతకంటే మంచిది నాకు కనిపించడం లేదు.

కానన్ 600 ఎఫ్/11, 800 ఎఫ్/11 ధర చూసి ఆశపడేవాళ్లు ఉన్నారు. 2020లో వచ్చాయి, బరువు 930, 1260 గ్రాములు. ఎండలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అడవికి మాత్రం వద్దనే చెబుతాను, అదీ ఎఫ్/11 వల్లే కాదు. 600 ఎఫ్/11కి నాలుగున్నర మీటర్ల లోపు, 800కి ఆరు మీటర్ల లోపు ఫోకస్ అవ్వదు. ఫోకస్ పాయింట్లు ఫ్రేమ్ నడిమి భాగానికే పరిమితం. జూమ్ లేదు కాబట్టి ఆకుల్లో పిట్టని వెతకడం నరకం. పొదలోంచి ఫ్లైక్యాచర్ నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే మీరే వెనక్కి జరగాలి. అడవిలో దగ్గరితనమే మన ఆస్తి అనుకున్నాం కదా, ఈ లెన్స్‌లు దాన్నే అడ్డుకుంటాయి.

డబ్బు బిగుతుగా ఉంటే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లని తీసిపారేయకండి. నికాన్ డీ500, 200-500 జోడీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే, షట్టర్ కౌంట్ చూసి, లెన్స్‌లో ఫంగస్ లేదని టార్చ్ వేసి చూసుకుని తీసుకోవచ్చు. నోరు 89, ఫోకస్ చురుకు, ఆప్టికల్ ఫైండర్‌లో ఆలస్యం ఉండదు. కంటిని తనే వెతికిపెట్టే సదుపాయం లేదు. పాయింట్ మీరే పెట్టాలి. బరువు ఎక్కువ, షట్టర్ చప్పుడు కూడా. నిశ్శబ్దంగా ఉన్న వాగు ఒడ్డున ఆ టకటక విని మొదటి క్లిక్‌కే లేచిపోయే పిట్టలున్నాయి, ఏమీ పట్టించుకోని పిట్టలూ ఉన్నాయి. ఫ్లైక్యాచర్‌లు రెండో రకం.

లెన్స్ మార్చే వీలు లేని బ్రిడ్జ్ కెమెరాల గురించి ఒక మాట. నికాన్ పీ1000కి 3000 ఎం.ఎం.కి సమానమైన జూమ్ అని గొప్పగా చెబుతారు. అసలు ఫోకల్ లెంగ్త్ 539, ఎఫ్/8, అంటే నోరు 67. కాగితం మీద చెడ్డదేం కాదు. దాన్ని ముంచేది ఫోకస్ వేగం. వాలిన రెమ్మ మీద రెండు సెకన్లు కూడా నిలవని పిట్టకి అది ముందూ వెనకా తడుముకుంటుంది. సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 అలా కాదు, నోరు 55 అయినా ఫోకస్ చురుగ్గా ఉంటుంది. ఒకటే కెమెరా, లెన్స్ మార్చే పని లేదు, ప్రయాణాల్లో హాయి అనుకునేవాళ్లకి సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అది మేలు.

ఓఎం సిస్టమ్ 300 ఎఫ్/4 గురించి కూడా అడుగుతుంటారు. దాని సెన్సర్ చిన్నది కాబట్టి కిలోంపావు బరువుకి ఫుల్‌ఫ్రేమ్ మీద 600 ఎం.ఎం.తో సమానమైన చూపు, నోరు 75. బరువుకీ నోటికీ కుదిరిన పొందిక చూస్తే నడిచేవాళ్లకి ఇంతకంటే తెలివైన జోడీ లేదేమో. మన ఊళ్లలో దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనడం కష్టం, అదే అడ్డంకి. 600 ఎఫ్/4లు కొనగలిగినవాళ్లకి నా సలహా అవసరం లేదు, మోసే మనిషి అవసరం.

క్రాప్ సెన్సరా, ఫుల్‌ఫ్రేమా?

ఎనిమిది మీటర్ల దూరంలో పదకొండు సెంటీమీటర్ల పిట్ట. క్రాప్ బాడీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్నది) అయిన 32.5 మెగాపిక్సెల్ కానన్ ఆర్7 మీద 400 ఎం.ఎం. పెడితే పిట్ట సుమారు 1800 పిక్సెళ్ల పొడవు వస్తుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ మీద 600 పెట్టినా 1500 దగ్గరే ఆగుతుంది. అంటే చవక జోడీకే ఎక్కువ పిక్సెళ్లు! ఎండలో ఆ తేడా నిజంగానే కనిపిస్తుంది, ఈకల గీతలు లెక్కపెట్టొచ్చు. నీడలోకి వచ్చేసరికి తారుమారు. ఆ 1800 పిక్సెళ్ల మధ్య పంచుకోవడానికి ఉన్న వెలుతురు మూడున్నర రెట్లు తక్కువ కాబట్టి అన్నీ మసకగా, గరుగ్గా ఉంటాయి.

కాబట్టి క్రాప్ బాడీ, ఫుల్‌ఫ్రేమ్ అని వాదించుకునే ముందు లెన్స్ ఏదో తేల్చుకోవాలి. ఒకే 600 లెన్స్‌ని రెండిటికీ తగిలిస్తే పిట్ట నుంచి వచ్చే వెలుతురు ఒకటే, క్రాప్ బాడీ దాన్ని ఎక్కువ పిక్సెళ్లలో చూపిస్తుంది. చిన్న పిట్టలకి అది లాభమే. ఫుల్‌ఫ్రేమ్ ఆధిక్యం తెలిసేది పిట్ట ఫ్రేమ్‌ని నింపేంత దగ్గరగా ఉన్నప్పుడు, అంటే హైడ్‌లో (పిట్టలకి కనపడకుండా కూర్చుని తీసే మాటులో). బడ్జెట్‌లో మూడింట రెండొంతులు లెన్స్‌కి పెట్టి మిగిలినదానితో క్రాప్ బాడీ తీసుకోమనే నేనంటాను.

బాడీలో చూడాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, పక్షి కంటిని గుర్తించే ఫోకస్. కానన్ ఆర్10, ఆర్7, సోనీ 6700, నికాన్ జడ్50-2 అన్నిటికీ ఉంది. అయితే ఆకుల గుబురులో దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. ఫ్రేమ్ మొత్తం మీద వదిలేస్తే ఎండలో మెరిసే ఆకు అంచుని కన్ను అనుకుంటుంది. చిన్న జోన్ పెట్టి, పిట్ట ఉన్న చోటికి ఆ జోన్‌ని మీరు తీసుకెళ్లండి. అక్కడి నుంచి కన్నుని పట్టుకునే పని దానికి వదిలేయండి. గుబురు మరీ ఎక్కువైతే డిటెక్షన్ ఆపి ఒకే పాయింట్. 600 ఎఫ్/6.3తో ఎనిమిది మీటర్ల దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. ముందున్న రెమ్మకి ఫోకస్ పడిందంటే వెనకున్న పిట్ట గోవిందా. ఫోకస్ దూరంగా వెనక్కి పారిపోయి తిరిగి రాకపోతే, లెన్స్‌ని కిందికి దించి పిట్టంత దూరంలో ఉన్న నేల మీద ఒకసారి ఫోకస్ కొట్టి మళ్లీ పైకెత్తండి. వెంటనే పట్టుకుంటుంది.

మెకానికల్ షట్టరా, ఎలక్ట్రానిక్ షట్టరా అన్నది కూడా ఎంచుకోవాల్సిందే. ఆర్7లో ఎలక్ట్రానిక్‌తో సెకనుకి 30 ఫ్రేములు, చప్పుడుండదు. క్లిక్ చేసే ముందు అర సెకను కూడా రికార్డయ్యే సౌకర్యం ఉంది. కానీ ఆ సెన్సర్ పైనుంచి కిందికి చదవడానికి నెమ్మది, ఎగిరే రెక్కలు ఒరిగిపోయి వంకరగా వస్తాయి. కూర్చున్న పిట్టకి ఎలక్ట్రానిక్, ఎగిరేదానికి సెకనుకి 15 ఫ్రేముల మెకానికల్. జడ్8 లాంటి వేగంగా చదివే సెన్సర్‌లున్న బాడీలకి ఈ బాధ లేదు.

నడకా, కాపు కాయడమా?

ఇక్కడే చాలామంది లెన్స్ తేడా అనుకునేది నిజానికి పద్ధతి తేడా. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్‌ని ఒక్క పావుగంట కదలకుండా చూడండి. మగది: నీలం వీపు, నారింజ రంగు గొంతు, తెల్లటి పొట్ట. వాగు పక్కన, నేలకి మనిషి ఎత్తు దాటని రెమ్మ మీద నిటారుగా కూర్చుంటుంది. తోక ఒకసారి ఆడిస్తుంది, తల పక్కకి తిప్పుతుంది, ఉన్నట్టుండి దూకి పురుగుని అందుకుని మళ్లీ అదే రెమ్మ మీదికో, పక్క రెమ్మ మీదికో వస్తుంది. దాని వెంట నడిస్తే వీపే కనిపిస్తుంది. ఆ రెమ్మకి ఆరు మీటర్ల దూరంలో, వెలుతురు మన వెనక నుంచి పడేలా కూర్చుంటే అదే వస్తుంది. కూర్చుని చుట్టూ చూసే ఆ రెండు మూడు సెకన్లలో 1/250 చాలు. అంటే 1/1000కి 10000 అడిగిన అదే నీడలో ఐఎస్ఓ 2500. కొన్ని ఫ్రేములు కదిలిపోతాయి, పోనివ్వండి. వరసగా నాలుగైదు కొడితే ఒకటి నిలుస్తుంది.

ఫాంటెయిల్‌తో ఈ ఎత్తు సగమే పారుతుంది. అది కుదురుగా కూర్చోదు. తోక విసనకర్రలా విప్పి ఎడమకీ కుడికీ తిరుగుతూనే ఉంటుంది. కానీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరిగే ముందు కనురెప్పపాటు ఆగుతుంది. 1/640 దగ్గర పెట్టి ఆ ఆగినప్పుడు కొట్టాలి. వార్బ్లర్‌లూ వైట్‌ఐలూ అయితే ఆకుల కింద వేలాడుతూ, గుంపుగా చెట్టు నుంచి చెట్టుకి సాగిపోతాయి. వాటికి 1/1000 తగ్గిస్తే లాభం లేదు. వాటి వెనక పరిగెత్తకుండా గుంపు వెళ్తున్న దిక్కు చూసి, ముందున్న చెట్టుకి మీరు ముందే చేరుకోండి. ఆకులు పలచగా ఉండే, వెలుతురు తగిలే కొమ్మ మీద గురిపెట్టి ఉంచండి.

ఎగురుతున్నప్పుడు తీస్తానంటే 1/2500 పైన కావాలి. దట్టమైన నీడలో దాని జోలికి వెళ్లడం ఏ లెన్స్‌తోనూ లాభసాటి కాదు, 600 ఎఫ్/4 తప్ప.

డబ్బులిచ్చి కూర్చునే హైడ్‌లు మన రెండు రాష్ట్రాల బయట చాలా ఉన్నాయి: కేరళలో తట్టెక్కాడ్, కర్ణాటకలో గణేష్‌గుడి, ఉత్తరాఖండ్‌లో సాత్తాల్. గణేష్‌గుడిలో పిట్టలు స్నానానికి వచ్చే నీటి తొట్లకి పేరు. అక్కడ దూరం కొద్ది మీటర్లే కాబట్టి 400 ఉంటే చాలు. 800 తీసుకెళితే పిట్ట తోక ఫ్రేమ్ బయట ఉంటుంది. ఒకసారి వెళ్లడానికయ్యే ఖర్చుని లెన్స్ అప్‌గ్రేడ్ ఖర్చుతో పోల్చి చూడండి. ఫొటోలు మాత్రం అందరివీ ఒకేలా, అదే నాచు పట్టిన కొమ్మ మీద ఉంటాయి. అది మీకు పట్టింపు అయితే వెళ్లకండి. ఇక్కడే కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో మిగిలిన చిన్న నీటి మడుగు దగ్గర, పిట్టలకి దారి వదిలి, దూరంగా నీడలో కూర్చోవడం అంతకంటే మంచి హైడ్. నీళ్లకి మరీ దగ్గరగా కూర్చుంటే అవి దాహంతో వెనక్కి పోతాయి.

ఫోన్‌లో కూత వినిపించి పిట్టని రప్పించడం, గూడు దగ్గర కాపు కాయడం కూడా పద్ధతులే అన్నట్టు కొందరు చెబుతారు. ఆ రెండూ ఈ పోలికలోకి రావు. గుడ్లూ పిల్లలూ ఉన్న పిట్టని గూటికి దూరం చేసి తెచ్చుకున్న ఫొటో ఎంత షార్ప్‌గా ఉంటే ఏం. అభయారణ్యాల్లోకీ టైగర్ రిజర్వుల్లోకీ వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

నడిచేవాళ్లకి మోనోపాడ్ అక్కర్లేదు, అడ్డం. కూర్చునేవాళ్లకి మోనోపాడ్, పైన వాలే తల ఉన్నది. ట్రైపాడ్ హైడ్‌లోనే. స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే ఆపుతుంది, పిట్ట కదలికని కాదు. 1/100లో షార్ప్‌గా వచ్చిన రెమ్మ మీద మసక పిట్ట కనిపిస్తే లెన్స్‌ని తిట్టకండి.

ఎప్పుడు, ఎక్కడ నిలబడాలి?

అడవి నడుమ కంటే అడవి అంచున వెలుతురు రెండు మూడు స్టాప్‌లు ఎక్కువ. రోడ్డు పక్క, వాగు పాయ, పెద్ద చెట్టు కూలి పైకప్పు తెరుచుకున్న చోటు, అటవీ శాఖ నిప్పు కోసం నరికిన గీత, ఇవన్నీ అంచులే. ఎఫ్/6.3 నుంచి ఎఫ్/2.8కి మారితే వచ్చేది రెండు స్టాప్‌ల పైచిలుకు. అదే వెలుతురు పాతిక అడుగులు నడిస్తే ఉచితంగా దొరుకుతుంది.

మబ్బు పట్టిన రోజు మంచిదా, ఎండ రోజు మంచిదా? అడవి లోపల ఎండ రోజు పది దాటాక నాకు నచ్చదు. ఆకుల సందుల్లోంచి పడే ఎండపొడ పిట్ట సగం మీద పడి తెల్లగా కాలిపోతుంది, మిగతా సగం చీకటి. పలచని మబ్బు ఉంటే వెలుతురు మొత్తంగా తగ్గినా సమంగా పరుచుకుంటుంది, రంగు నిండుగా వస్తుంది. ఎండ రోజైతే పొద్దెక్కిన మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంటన్నర. నల్లటి మబ్బయితే అంచులోనే ఉండండి.

నెలల్లో నా ఓటు ఫిబ్రవరి, మార్చికి. నల్లమలలో, అనంతగిరిలో టేకు, తదితర చెట్లు ఆకు రాల్చి పైకప్పు పలచబడుతుంది. బూరుగ, మోదుగ పూసి తేనెపిట్టలని కంటి ఎత్తుకి దించుతాయి. చలికాలం వచ్చిన ఫ్లైక్యాచర్‌లూ వార్బ్లర్‌లూ ఇంకా వెళ్లిపోవు. మారేడుమిల్లి వైపు అడవి అంతగా ఆకు రాల్చదు, పచ్చగా చీకటిగానే ఉంటుంది. అక్కడికి వెళ్లేవాళ్లకి నోరు వెడల్పైన లెన్స్ అవసరం ఎక్కువ, 100-400తో వెళితే రోడ్డు దిగకండి. వానాకాలంలో ఐయోరా మగది నల్ల వీపుతో మెరుస్తుంది, పాటలు ఎక్కువ, కానీ ఐఎస్ఓ 12800 సాధారణమైపోతుంది. లైట్‌రూమ్‌లోనో డీఎక్స్ఓలోనో ఉన్న, గ్రెయిన్ తగ్గించే డీనాయిజ్ వల్ల ఇప్పుడు 6400 దాకా పెద్ద చింత లేదు. అయితే జేపెగ్‌లో కాకుండా రా (RAW) ఫైల్‌గా తీస్తేనే.

కెమెరా మాన్యువల్‌లో, ఐఎస్ఓ ఆటోలో. అపెర్చర్ (లెన్స్ నోరు) పూర్తిగా తెరిచి ఉంచి వేలు షట్టర్ డయల్ మీద పెట్టుకోండి. పిట్ట కూర్చుంటే 1/250కి దించడం, గెంతితే 1/1000కి ఎక్కించడం, ఈ ఒక్క అలవాటు చాలు. అపెర్చర్ ప్రయారిటీలో కెమెరా షట్టర్‌ని తన ఇష్టానికి పెడుతుంది, అడవిలో అది కుదరదు. కొమ్మ వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాప్. చీకటి పొద ముందు తెల్లటి పొట్ట పిట్ట ఉంటే మైనస్ అర.

ఇంత చదివాక కూడా రెండు లెన్స్‌ల మధ్య ఊగిసలాడుతుంటే, కొనకుండా రెండూ ఒక రోజు అద్దెకి తెచ్చుకోండి, హైదరాబాద్‌లో అద్దెకిచ్చే చోట్లు ఉన్నాయి. మేడ మీద ఎండలో పరీక్షిస్తే ప్రతి లెన్సూ బాగానే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి మామిడి చెట్టు కిందికి వెళ్లి, పిట్టంత ఉన్న నిమ్మకాయని దారం కట్టి లోపలి కొమ్మకి వేలాడదీయండి. ఎనిమిది మీటర్ల నుంచి 1/500లో రెండిటితో తీసి, నిమ్మకాయ ఒకే సైజులో ఉండేలా క్రాప్ చేసి తొక్క మీది గుంటలు చూడండి. ఆ తర్వాత అదే లెన్స్‌ని తలపైకెత్తి ఒక నిమిషం పట్టుకుని చూడండి.